తోలు తకియా

గౌలిపుర నుంచి లాల్‌దర్వాజా వైపు వచ్చే సందుల్లో ఒకదానిలో మా దుకాణం ఉండేది. దుకాణమంటే వీధివైపు ఒక అరుగు, దాని మీద రేకుల చూరు, వెనక ఒక గది. మా నాయన టాంగా గుర్రాలకు జీన్లు, జీను కింద వేసే గద్దీలు, కళ్లేల పట్టాలు కుట్టేవాడు. ఆయన పోయాక అదే అరుగు మీద అదే చోట కూర్చుని నేను కుట్టాను. మాకు ఎదురుగా పాలమ్ముకుని బతికే ఒక పెద్దావిడ ఇల్లు. గల్లీలో అందరూ ఆమెను పెద్దమ్మ అనేవాళ్లు. ఆమె బర్రెల కొట్టం గోడకు ఆనుకొని ఆమెదే ఇంకో చిన్న ఇల్లు ఉంది. దాన్ని రేకు పని చేసే ఒక మిస్త్రీకి కిరాయికిచ్చింది. ముందు వసారాలో మిస్త్రీ పని, వెనక గదిలో ఆయన, ఆయన భార్య. పిల్లలు లేరు.

మిస్త్రీ భార్యను నేను చాచీ అనేవాణ్ణి. ఆమెకు చూపు లేదు. ఆ ఇంటికి కోడలిగా వచ్చిన కొన్నేళ్లకు అమ్మవారు పోసి కళ్లు పోయాయి. అందుకని ఆ ఇల్లు ఆమెకు ఒకప్పుడు కళ్లారా చూసుకున్న ఇల్లు. బావిగట్టు ఎక్కడ మొదలవుతుందో, వంటింటి గడప ఎంత ఎత్తో, గోడలో దీపంగూడు ఏ చేతివైపో ఆమె అరచేతికి తెలుసు. గోడ మీద వేళ్లు ఆనించీ ఆనించనట్టు ఉంచి మనకంటే వేగంగా నడిచేది. కొత్తగా వచ్చినవాళ్లకు ఆమెకు కనబడదన్న సంగతి వెంటనే తెలిసేది కాదు. ఆ ఇంటి గడప దాటితే మాత్రం ఎవరో ఒకరి మోచెయ్యి పట్టుకోకుండా అడుగు వేసేది కాదు.

నా సంగతి కూడా కొంచెం చెప్పాలి. నేను బడికి పోయింది తక్కువ. దుకాణాల బోర్డులు, గోడల మీది ప్రకటనలు కూడబలుక్కుంటూ తెలుగు అక్షరాలు నేర్చుకున్నాను. మాకు కొంత దూరంలో ఒక మేడ మీద తెలుగు గ్రంథాలయం ఉండేది. పని ముగించి, చేతులకంటిన మైనం రుద్ది రుద్ది కడుక్కుని రోజూ అక్కడికి పోయేవాణ్ణి. ఏం చదవాలో చెప్పేవాళ్లు లేరు కాబట్టి అల్మారా మొదటి అర నుంచి వరుసగా చదివాను. వైద్యం, వ్యవసాయం, రాజుల చరిత్రలు, నక్షత్రాలు, తేనెటీగల పెంపకం. గ్రహణం ఎందుకు పడుతుందో, వాన ఎలా పుడుతుందో గల్లీలో ఎవరడిగినా చెప్పగలిగేవాణ్ణి. అడగకపోయినా చెప్పేవాణ్ణి. ఆ గర్వం నాకు ఇప్పటికీ ఉంది. అది నేను కష్టపడి సంపాదించుకున్న గర్వం.

మిస్త్రీ పని మొదట్లో చిన్నది. గరాటులు, లాంతరు అడుగులు, నూనె డబ్బాలు, పెళ్లి వంటల దేగిశాలకు మూతలు. ఆ చప్పుడు గల్లీకి అలవాటే. యుద్ధం మొదలయ్యాక సముద్రం అవతలి సీమ నుంచి మోటారు సామాను రావడం తగ్గిపోయింది. బస్సుకు మడ్‌గార్డు పాడైతే కొత్తది దొరకదు. ఎవరో మిస్త్రీ చేతిపని చూసి, పాత మడ్‌గార్డు నమూనాగా తెచ్చిచ్చి, ఇలాంటిది చెయ్యగలవా అని అడిగారు. ఆయన చేశాడు. ఆ తర్వాత అవే వస్తూ పోయాయి.

చదును రేకును గుండ్రంగా వంచడమంటే ఒక్క దిక్కు వంచడం కాదు. గిన్నె లోపలిలా అన్ని వైపుల నుంచీ లోతు రావాలి. మిస్త్రీ దగ్గర ఒక చింతమొద్దు ఉండేది. దాని తలలో గుంట తొలిచి, గుంట మీద రేకు పరిచి, కొయ్యసుత్తితో చుట్లు చుట్లుగా కొట్టుకుంటూ వచ్చేవాడు. గరాటుకు అది పెద్ద మోత కాదు. మడ్‌గార్డు రేకు మనిషి చేతులు చాచినంత ఉంటుంది. ఒక కొస మీద కొడితే ఇంకో కొస అరుస్తుంది. పొద్దున మొదలైతే దీపాలు పెట్టేదాకా ఆ అరుపు మా చెవుల్లోనే కాపురముండేది.

మనుషులం సర్దుకున్నాం. సర్దుకోనిది పెద్దమ్మ బర్రె.

ఆ ఏడు ఆమె బర్రెల్లో మంచిది ఈనింది, దూడ చచ్చిపోయింది. దూడ లేని బర్రె చేపదు, అంటే పాలు పొదుగులోకి దింపదు. అప్పుడు పాలవాళ్లు చేసే పని ఒకటుంది. చచ్చిన దూడ తోలు ఒలిపించి, గడ్డి కూరి, కాళ్ల చోట కర్రలు పెట్టి, దాన్ని తల్లి ముందు నిలబెడతారు. బర్రె దాన్ని నాకుతూ నాకుతూ చేపుతుంది. ఆ గడ్డిదూడను కుట్టింది నేనే. గడ్డి కూరింది పెద్దమ్మ. "కడుపు నిండ పెట్టాలె బిడ్డా, సందు ఉండొద్దు, కుంగితే తల్లికి ఎర్కైతది," అంటూ పిడికిలితో పొడిచి పొడిచి కూరింది. బర్రె ఆ దూడను ఒప్పుకుంది. మిస్త్రీ సుత్తిని మాత్రం ఒప్పుకోలేదు.

ఒక సాయంత్రం పెద్దమ్మ కొట్టంలోంచి లేచి, తపేలా పట్టుకుని మిస్త్రీ ముందుకు వచ్చి నిలబడింది.

"ఇందుల ఏమున్నదో చూడు."

మిస్త్రీ సుత్తి ఆపి తొంగి చూశాడు. "ఏం లేదక్కా."

"గదే చెప్తున్న. నీ సుత్తి లేస్తే దాని చెవులు లేస్తున్నయ్. చెవులు లేస్తే పాలు పైకి పోతున్నయ్."

"పాలు పిండేటప్పుడు కొట్టనక్కా. నీ కసం, ఒట్టు."

"పిండేటప్పుడు కొట్టకుంటే ఏమైతది? పొద్దంత బెదిరిన బర్రె పొద్దుమీకి మాట వింటదా? నీ భార్యను పొద్దంత తిట్టి, రాత్రి అన్నం పెట్టమంటే పెడ్తదా?"

"పెడ్తది," అన్నాడు మిస్త్రీ. "ఉప్పు వెయ్యదు."

పెద్దమ్మకు నవ్వు రాబోయింది గాని ఆపుకుంది. "నేను నిన్ను పొమ్మంటలేనయ్యా. నా బర్రె అంటున్నది. గా పాలతోనే నా ఇల్లు నడుస్తది. బోనాలు అయినంక ఇంకో తావు చూసుకో."

మిస్త్రీ సుత్తి కింద పెట్టాడు. "మంచిదక్కా. బోనాలు అయిన తెల్లారి ఖాళీ చేస్త. జబాన్ ఇస్తున్న, మాట తప్ప."

ఆయన వాదించకపోవడం పెద్దమ్మకు నచ్చలేదని నాకు అనిపించింది. ఒక మాట వాదిస్తే ఆమె ఒక మాట తగ్గేది. ఆమె ఖాళీ తపేలా పట్టుకుని వెళ్లిపోయింది.

నాలుగు రోజులయ్యాక చాచీ గోడ పట్టుకుని గడపదాకా వచ్చి నన్ను పిలిచింది.

"బేటా, సైదాబాద్ దిక్కు ఒక ఇల్లు చూసిండంట మీ ఉస్తాద్. నువ్వు జర పోయి చూసిరా."

"ఏం చూడాలె చాచీ?"

"బావి ఏ దిక్కున్నదో చూడు. గట్టు ఉన్నదా, నేలకు ఉన్నదా చూడు. మెట్లు ఎన్నో లెక్కపెట్టు. గాయనకు గివన్ని కనబడవ్. కండ్లున్నోళ్లకు కనబడవ్ గవి." ఆ వెంటనే, "ఈ వయసుల మల్ల గుడ్డిదాన్ని అయ్యేటట్టున్న," అంది. ఏడవలేదు. కూరలో ఉప్పు ఎక్కువైందని చెప్పినట్టు చెప్పింది.

నేను సైదాబాద్ పోయి చూశాను. అప్పుడది ఊరి చివర. ఇల్లు మంచిదే. బావికి గట్టు లేదు. తిరిగి వచ్చేటప్పుడు దారి పొడుగునా ఒకటే ఆలోచన. చాచీకి ఏం చెప్పాలి?

ఆ సాయంత్రం గ్రంథాలయానికి పోయాను. ధ్వని గురించి ఒక చిన్న పుస్తకం అంతకుముందు చదివినట్టు గుర్తు. దాన్ని మళ్లీ వెతికి తీశాను. చప్పుడంటే వణుకు. గంట వణికితే గాలి వణుకుతుంది, గాలి వణికితే చెవి వణుకుతుంది. మోగే గంట మీద అరచెయ్యి పెడితే వణుకు చేతిలోకి పోయి చప్పుడు చచ్చిపోతుంది. ఇంత తేటగా రాసినాయనకు మనసులోనే దండం పెట్టుకున్నాను. రేకు మీద అరచెయ్యి పెట్టి సుత్తితో కొట్టలేం. అరచెయ్యి వంటిది ఏదైనా రేకు కింద ఉండాలి.

ఎవరో దొరలు ఊరొదిలి పోతూ ఇచ్చిన ఇంగ్లీషు బొమ్మల పత్రికలు ఒక మూల కట్టలుగా ఉండేవి. నాకు ఇంగ్లీషు రాదు. బొమ్మలకు భాషతో పనిలేదని అవి కూడా తిరగేశాను. ఒకదాంట్లో, కారు మడ్‌గార్డులాంటి ఒక రేకును ఒళ్లోకి వంచుకుని కొడుతున్న మనిషి ఉన్నాడు. రేకు కింద గుండ్రటి దిండు ఉంది. పుస్తకాలు చూసే పంతులుగారి దగ్గరికి తీసుకుపోతే కింది అక్షరాలు చదివి, "తోలు సంచీ, లోపల ఇసుక," అన్నారు.

మర్నాడు తెల్లవారగానే మిస్త్రీ ముందు కూర్చుని ఇదంతా చెప్పాను. గంటతో మొదలుపెట్టి గాలిదాకా వచ్చేసరికి ఆయన చెయ్యెత్తి ఆపాడు.

"గాలి సంగతి ఉండనియ్ మియా. తోలు దిండు అంటున్నవ్ గదా? తకియా. చిన్నప్పుడు మా ఉస్తాద్ బగ్గీలు చేసే కార్ఖానాల చూసిన. దాని మీదనే కొట్టేటోళ్లు. మరి మనకెవడు కుట్టిస్తడు గది?"

"నేను లేనా?"

"నువ్వు గుర్రాలకు కుడ్తవ్."

"గుర్రం వీపు మోసేది నా కుట్టు. రేకు మొయ్యదా?"

ఆయన నా చేతులు చూసి, "చెయ్," అన్నాడు. "బోనాలకు ఎన్నో రోజులు లేవు."

మందపు తోలు కావాలి. నా దగ్గర ఉన్నది బర్రెతోలు. పెద్దమ్మ కొట్టం పక్కన, ఆమె బర్రెకు వినబడేటట్టు, బర్రెతోలు మీద కొట్టడం ఎట్లా అని నాకు సంకోచం కలిగింది. అడగకుండా చేయడం నచ్చక పోయి అడిగాను. ఆమె పేడ ఎత్తుతోంది.

"నా నోటితోటి అవునంటనా, కాదంటనా అని వచ్చినవా?" అంది నడుము లేపకుండానే. "గడ్డిదూడ ఏం తోలు? నువ్వే కుట్టలే? గది తల్లిని మోసం చేస్తలేదా? చచ్చినంక తోలు అందరికీ పనికొస్తది, మనిషి తోలు తప్ప. కుట్టుకో పో." తర్వాత తల ఎత్తింది. "గని నాకు ఆశ చూపకు బిడ్డా. కుట్టుడు నీది, పాలు నావి."

రెండు గుండ్రటి బిళ్లలు కోశాను, పెద్ద పళ్లెమంత. రాత్రంతా తడిగుడ్డలో చుట్టి ఉంచితే తోలు మెత్తబడింది. లోపలి వైపు బయటికి పెట్టి, రెండు బిళ్లల అంచుల మధ్య సన్నటి తోలు పట్టీ ఇరికించాను. ఆ పట్టీ లేకపోతే దెబ్బ దెబ్బకూ కుట్టు రంధ్రంలోంచి ఇసుక పొడి ఊదుతుంది. తోలు పొడిచే ఆరెతో రంధ్రం చెయ్యడం, ఒకే దారానికి రెండు కొసల్లో ఉన్న రెండు సూదుల్ని అటొకటి ఇటొకటి అదే రంధ్రంలో దూర్చి లాగడం. జీను కుట్టు అదే. ఒక పోగు తెగినా రెండోది పట్టుకుంటుంది. చెయ్యి పట్టేంత నోరు వదిలి, ఆ నోట్లోంచి సంచీని తిరగేశాను. మందపు తోలు కాబట్టి కష్టమైన పని అది. బొటనవేళ్లు రెండూ వాచాయి. తర్వాత ఆముదం పట్టించి నీడన ఆరబెట్టాను.

ఇక ఇసుక. ఆషాఢం. మూసీ ఇసుక తెప్పిస్తే బురద, కడిగితే తడి, ఎండబెడదామంటే ఎండ లేదు. తడి ఇసుక నింపితే తోలు లోపల్నుంచి కుళ్లుతుంది. రేకుల మీద పరిచాం, చినుకు పడింది. గోనె కప్పి మళ్లీ పరిచాం, మళ్లీ చినుకు. మిస్త్రీ ఆకాశం వైపు చూసి ఉర్దూలో ఏదో అన్నాడు. అప్పుడు లోపల్నుంచి చాచీ అంది:

"పుట్నాలు వేయించే భట్టీల ఇసుక ఉంటది గదా. ఏడాది పొడుగున వేగుతనే ఉంటది."

మేమిద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. లాల్‌దర్వాజా దగ్గర భట్టీ పెట్టుకున్న ఆయన ఎన్నాళ్లో వాడి పక్కన పోసిన ఇసుక అడిగితే, "గిది తిననీకి పనికి రాదన్నా," అని అనుమానంగా చూస్తూ ఇచ్చాడు. నల్లగా, పొడిగా, రవ్వలా జారే ఇసుక. జల్లెడ పట్టి మాడిన శనగలు ఏరేశాం. చేతులకు పుట్నాల వాసన.

నింపింది నేను. గుర్రం గద్దీ ఎలా నింపాలో నాకు పుట్టుకతో తెలుసు. గట్టిగా నింపాలి. ఎక్కడ మెత్తగా ఉంటే అక్కడ కుంగి, జీను కొయ్య గుర్రం వీపుకు తగిలి పుండు పడుతుంది. ఇసుక పోసి కర్రతో కుక్కి, సంచీని నేలకేసి దిమ్మించి, దిగినంత మేర మళ్లీ పోసి, మళ్లీ కుక్కాను. పెద్దమ్మ వాకిట్లోంచి చూసి, "ఆఁ, సందు ఉండొద్దు," అంది. ఆమె గడ్డిదూడ లెక్క ఆమెది. ఆఖరికి మోకాలితో అదిమిపట్టి నోరు కుట్టేశాను. సంచీ నున్నగా, ఎక్కడా ముడత లేకుండా, పెళ్లికొచ్చిన షావుకారు పొట్టలా ఉంది. గల్లీలో నలుగురు వచ్చి చూసి బాగుందన్నారు.

మిస్త్రీ దాన్ని మొద్దు మీద పెట్టి, రేకు పరిచి, కొట్టాడు.

రేకు కుంగలేదు. సుత్తి ఎగిరి ఆయన భుజం దాటింది. కొట్టంలోంచి బర్రె గొలుసు లాగిన చప్పుడు. మళ్లీ కొట్టాడు. ఈసారి రేకు మోతతో పాటు సంచీ కూడా మోగింది.

గుర్రానికి గద్దీ కుట్టించుకోవడానికి వచ్చి అరుగు మీద కూర్చున్న టాంగావాడు అన్నాడు: "బోనాలకు పోతరాజు ముంగట కొట్టనీకి మంచిగున్నదన్నా. డప్పులోళ్లను పిలిచే ఖర్చు లేదు."

మిస్త్రీ సంచీని మొద్దు మీద నుంచి దించి గోడవారగా పెట్టాడు. మళ్లీ ఆ మొద్దు గుంట మీదే రేకు పరుచుకున్నాడు. పెద్దమ్మ తపేలా బోర్లించి లోపలికి పోయింది.

నేను పుస్తకంలోని మాటలు ఒక్కొక్కటే మనసులో తిప్పి చూసుకుంటున్నాను. అందులో తప్పు లేదు. పంతులుగారు చదివిందీ తప్పు కాదు. తోలు ఉంది, ఇసుక ఉంది. మరి?

చాచీ గోడ వెంట నడుచుకుంటూ వచ్చింది. కాలికి సంచీ తగిలింది. వంగి రెండు చేతులతో తడిమింది. అరచేత్తో నొక్కింది. ముందుగా నవ్వింది.

"గిది తకియానా?" అంది. "దీని మీద తల పెడితే తల పగుల్తది. రాయి నింపినవా బేటా?"

"ఇసుకే చాచీ. గట్టిగ కుక్కిన."

"కైకు? గంత గట్టిగ ఎందుకు? తకియా అంటే తల ఎక్కడ పెడితే అక్కడ తావు ఇయ్యాలె. బూరుగు దూది ఎక్కువ పెడితే తలకు తావు ఉండదు. కొత్తపెండ్లి కూతుళ్లు చేస్తరు గిట్ల. దూది ఎక్కువ పెడితే ప్రేమ ఎక్కువ అనుకుంటరు."

నాకు అప్పుడు పుస్తకంలోని గంట, దాని మీది అరచెయ్యి ఒక్కసారిగా అర్థమయ్యాయి. అరచెయ్యి గంటకు ఒదుగుతుంది. అందుకే చప్పుడు అందులోకి పోతుంది. పిడికిలి బిగించి గంటకు ఆనిస్తే ఇంకో మోత పుడుతుంది. నేను నింపింది పిడికిలి. గుర్రం గద్దీ బరువును మోయాలి. ఇది బరువుకు లొంగాలి. ఇదంతా నేను ఆనందంతో గడగడా చెప్తుంటే చాచీ, "గదే నేను చెప్పింది. నువ్వు జర ఎక్కువ మాటలతోటి చెప్పినవ్," అంది.

నోటి కుట్టు విప్పాను. ఇక నింపే పని చాచీ తీసుకుంది. నేలమీద కూర్చుని, సంచీని ఒళ్లోకి లాక్కుని, దోసిళ్లతో ఇసుక తీసింది. తీసి, సంచీని పిండి ముద్దలా పిసికి, మధ్యలో పిడికిలితో గుద్దింది. గుంట పడింది, కానీ చెయ్యి తీయగానే సగం పూడిపోయింది. ఇంకొంచెం తీసింది. మళ్లీ గుద్దింది. ఈసారి గుంట పడి, పడినట్టే నిలిచింది. పక్కనుంచి తడితే మళ్లీ చదునైంది. "ఇగో," అంది. "ఇప్పుడు నిద్ర పడ్తది." నోరు కుట్టేటప్పుడు అంచులు దగ్గరగా పట్టుకుంది. నా దబ్బనం ఆమె వేళ్ల మధ్యకు వచ్చి పోతుంటే నాకు భయం వేసింది, ఆమెకు వెయ్యలేదు.

అప్పటి సంచీ చూడ్డానికి ఏమీ బాగాలేదు. ముడతలు పడి, ఒకవైపుకు వాలి, చిక్కిపోయిన మనిషిలా ఉంది. టాంగావాడు, "మొదటిదే బాగుండె," అన్నాడు.

చాచీ అప్పుడు ఇంకో మాట అంది. "నన్ను కొట్టంలకు తీస్కపోండ్రి. బర్రె కాడ కూర్సుంట. నాకు వినబడితే దానికి వినబడ్డట్టే." ఆమె చెవి అంత మంచిది. నేను మోచెయ్యి అందిస్తే పట్టుకుని వచ్చి గడ్డిదూడ పక్కన కూర్చుంది. పెద్దమ్మ తపేలా మోకాళ్ల మధ్య పెట్టుకుని, పొదుగు మీద నీళ్లు చల్లింది.

గోడ అవతల మిస్త్రీ కొట్టడం మొదలుపెట్టాడు. నేను కొట్టం గుమ్మంలో ఉన్నాను. దబ్, దబ్ అని, పక్క వీధిలో ఎవరో తడిబట్ట బండకు కొడుతున్నట్టు వినిపించింది. మోత లేదు. బర్రె చెవులు ఒకసారి అటు తిరిగాయి. మళ్లీ ఇటు వచ్చాయి. గడ్డిదూడ మెడ నాకింది. చాచీ తల వంచి వింటోంది. కాసేపటికి తపేలాలో సన్నటి ధార పడ్డ చప్పుడు, దాని వెనకే ఇంకోటి. తర్వాత అవి కలిసిపోయి ఒకటే చప్పుడైంది. పెద్దమ్మ తల ఎత్తలేదు.

అంతా అంత సులువుగా తేలిపోయిందని చెప్పలేను. తకియా మీద లోతు వస్తుంది గాని రేకు మీద సుత్తి గుంటలు నిలిచిపోతాయి. వాటిని ఇనుప డాగలి మీద పెట్టి సన్నసుత్తితో నున్న చెయ్యాలి. ఇనుము మీద ఇనుము మోగక తప్పదు. మిస్త్రీ ఆ పని మధ్యాహ్నానికి పెట్టుకున్నాడు, బర్రెలు మేతకు పోయి ఉన్నప్పుడు. పెద్దమ్మ దానికి ఏమీ అనలేదు. ఉండమనీ అనలేదు. మేము అడగలేదు. ఆమె దగ్గర కొన్ని మాటలు అడిగితే రావు.

బోనాలు వచ్చాయి. గల్లీ గల్లీలో వేపాకు, పసుపు. మహంకాళి గుడి దాకా జనం. పెద్దమ్మ తలమీద బోనం ఎత్తుకుని మా ముందు నుంచే పోయింది. మిస్త్రీ వసారా ముందు నీళ్లు చల్లించి, ఊరేగింపు దాటేదాకా సుత్తి ముట్టలేదు. ఏటా అంతే.

మర్నాడు పొద్దున దుకాణం తెరిచేసరికి ఎదురుగా ఎడ్లబండి ఉంది. మిస్త్రీ సామాను ఎక్కిస్తున్నాడు.

"ఇదేంది ఉస్తాద్?" అన్నాను.

"జబాన్ ఇచ్చిన గదా."

"ఆమె పొమ్మనలేదు గదా ఇప్పుడు."

"ఉండమన్నదా? నేను ముందుగాల నోరు తెరిచి అడిగితే, ఆమె కాదనలేక ఒప్పుకుంటే, గది నా జబాన్‌కు ఇజ్జత్ కాదు, ఆమె పాలకు బర్కత్ కాదు, పాలు పెరగయ్." చాచీ గడప లోపల, గోడకు చెయ్యి ఆనించి నిలబడి ఉంది. ఆ చెయ్యి మాత్రం అక్కడినుంచి కదలడం లేదు. సైదాబాద్ బావికి గట్టు లేదన్న సంగతి నేను ఆమెకు అప్పటికీ చెప్పలేదు. గట్టు కట్టిస్తానని మిస్త్రీ నాతో అన్నాడు.

మంచాలు, పెట్టె, దేగిశాలు ఎక్కాయి. మిస్త్రీ చాచీని చెయ్యి పట్టుకుని బయటికి తెస్తుండగా పెద్దమ్మ గుడి నుంచి వచ్చింది. నొసటి పసుపు బండారు ఇంకా ఆరలేదు. బండి చూసింది, బండివాణ్ణి చూసింది, మిస్త్రీని చూసింది.

"ఎవర్ని అడిగి కట్టినవ్ బండి?"

"నువ్వే అంటివి గదక్కా. బోనాలు అయినంక అని."

"అన్న. లేదంటలేను. ఏ ఏడు బోనాలని అన్ననా?"

బండివాడు నవ్వాడు. పెద్దమ్మ వాడివైపు తిరిగి, "నీకేం నవ్వు? దించు," అంది. తర్వాత మిస్త్రీతో, గొంతు కొంచెం తగ్గించి, "నువ్వు ఒక్క మాటన్న అడగవైతివి. నేను ఎట్ల చెప్పాలె? ఇంటి మీదికొచ్చి ఉండు ఉండు అని బతిమాలాల్నా?"

"నేను ఎట్ల అడగాలక్కా?"

"నోటితోటి," అంది పెద్దమ్మ.

చాచీ అప్పటికే మిస్త్రీ చేతిలోంచి తన చెయ్యి విడిపించుకుంది. వెనక్కి తిరిగి, వేళ్లతో గాలిలో వెతికి, గోడ అందగానే లోపలికి నడిచిపోయింది. లోపలి నుంచి, "పొయ్యి మీద చాయ్ పెడ్తున్న, పాలు జర పంపక్కా," అన్న మాట వినబడింది.

సామాను దించడానికి నేనూ చెయ్యి వేశాను. తకియా అన్నిటికంటే బరువు కాబట్టి దాన్నే ముందు ఎక్కించారు. అందుకని అది అన్నిటికంటే అడుగున ఉంది. మంచాలు, పెట్టె, దేగిశాలు అన్నీ దిగాక నేనూ మిస్త్రీ చెరో వైపు పట్టి దాన్ని, ఇంకా బండెక్కకుండా వసారాలోనే ఉన్న మొద్దు మీదికి చేర్చాం. ప్రయాణం కోసం చుట్టిన గోనెపట్ట విప్పుతూ ఆయన సుత్తి కోసం చెయ్యి చాచాడు.

కొట్టం వైపు నుంచి పెద్దమ్మ గొంతు వచ్చింది. "పిండుతున్న. జర ఆగు."

ఆయన ఆగాడు. మేమిద్దరం మొద్దుకు చెరోపక్క కూర్చుని తపేలా నిండే చప్పుడు విన్నాం.